గన్నవరం రోడ్డు మెస్: పప్పుకి ఫుల్ మార్కులు, కుర్చీల దగ్గర కోత

ముందే చెబుతున్నా, ఇది మెస్ రివ్యూనే, కాకపోతే మధ్యలో విమానాలు వస్తాయి. కూర సంగతి చాలు అనుకునేవాళ్లు మొదట కాస్త, చివర కాస్త చదువుకుని వెళ్లిపోవచ్చు, నేనేమీ అనుకోను.

గన్నవరం ఎయిర్‌పోర్టు నుంచి బెజవాడ వస్తుంటే, నిడమానూరు దాటాక ఎనికేపాడు లోపు, సర్వీసు రోడ్డు పక్కన రేకుల షెడ్డులో ఉంటుంది. పేరు రాయను. ఫిర్యాదు ఒకటుంది నాకు, అది రాసి పేరు కూడా పెడితే రేపు కౌంటర్లో కూర్చునే ఆవిడ మొహం చూడలేను, నెలకి రెండుసార్లయినా అక్కడే తినేవాణ్ణి కదా. బయట రెండు వేపచెట్లు, నీళ్ల డ్రమ్ము, ఒంటిగంటకి అడ్డదిడ్డంగా ఆగిన బళ్లు. ఆ రోడ్డు మీద తిరిగేవాళ్లకి ఈ గుర్తులు చాలు.

కూపన్ 150. అరిటాకు వేస్తారు, నిజం ఆకే, ఆకుపచ్చ రంగు కాగితం కాదు. ముందు కందిపొడి, దాని మీద నెయ్యి గరిటెతో వేస్తారు, చెంచాతో కాదు, ఇది రాసుకోండి. తర్వాత ముద్దపప్పు, ఆవకాయ. రోటిపచ్చడి రోజుకొకటి మారుతుంది. మేము వెళ్లింది గురువారం, ఆ రోజు దోసకాయ. పచ్చిమిరపకాయలు, చింతపండు నూరి, దోసముక్కలు ఆఖర్న వేసి ఒక్క పోటు పొడిచినట్టున్నారు, ముక్క పంటి కింద కరుక్కుమంటుంది. మిక్సీ పచ్చడికి ఆ శబ్దం రాదు. అరటికాయ వేపుడు మామూలు. మజ్జిగ పులుసులో ఉప్పు ఒక పిసరు ఎక్కువ, ఇది ప్రతిసారీ ఎక్కువే, చెప్పి చెప్పి మానేశాను. గురువారం, శనివారం ఉలవచారు ఉంటుంది, అడిగితే పైన మీగడ వేస్తారు, అడక్కపోతే వెయ్యరు, అడగండి.

ఇక కుర్చీలు. ఇక్కడ నంబరు పిలిచి కూర్చోబెట్టే పద్ధతి లేదు. కూపన్ పట్టుకుని లోపలికి వెళ్లి, ఎవరి భోజనం అయిపోవస్తోందో చూసుకుని వాళ్ల కుర్చీ వెనకాల నిలబడాలి. బెజవాడ మెస్సుల్లో ఇది కొత్తేమీ కాదు, నాకు తెలిసినప్పటి నుంచి ఇంతే. నిలబడేవాడికి లెక్క తెలియాలి. సాంబారులో ఉన్నవాడి వెనక నిలబడకూడదు, పది నిమిషాలు గ్యారంటీ. పెరుగులో ఉన్నవాడు మేలు. అయితే పెరుగులోకి వచ్చాడు కదా అని పూర్తిగా నమ్మడానికీ లేదు, "ఇంకాస్త పప్పెయ్యి బాబూ" అని వెనక్కి వెళ్లే మహానుభావులుంటారు. మా వెనక నిలబడే వాళ్లకి మేమూ అంతే.

ఆ రోజు మేము నలుగురం. మా అక్క, బావగారు హైదరాబాద్ నుంచి దిగారు. నేనూ మా అబ్బాయీ కారేసుకుని వెళ్లి ఎక్కించుకున్నాం. బావగారు విమానాల్లో కెప్టెన్, వచ్చే నెలతో 65 నిండుతాయి, నిండిన రోజు నుంచి ప్యాసింజర్ విమానం నడపడానికి లేదు. మా వాడికి 29, ఫస్ట్ ఆఫీసర్. అర్థమయ్యేట్టు చెప్పాలంటే కాక్‌పిట్‌లో ఎడమ సీటు మామయ్యది, కుడి సీటు అల్లుడిది. ఇద్దరివీ వేరే వేరే కంపెనీలు, ఒకే విమానంలో కలిసి ఎగిరింది లేదు. మా వాడికి ఈ పిచ్చి పట్టించింది మాత్రం ఆయనే, ఏడో తరగతిలో వాడికి టోపీ పెట్టి ఫొటో తీశారు, ఆ ఫొటో నాకు ఉయ్యూరు దగ్గర ఎకరం పొలం ఖరీదు పడింది. మిగతాది లోను. లైసెన్సుకి కనీసం 200 గంటలు ఎగరాలి, ఆ తర్వాత ఫలానా రకం విమానం నడపడానికి టైప్ రేటింగ్ అని ఇంకో ఖర్చు. మొత్తం 70 లక్షలు దాటింది. ఈఎంఐ ఇప్పటికీ నా ఖాతాలోంచే పోతోంది.

ఒంటిగంట. కూపన్లు పట్టుకుని నాలుగు కుర్చీల వెనక నలుగురం నిలబడ్డాం. మా వాడి ముందున్నాయన పెరుగన్నం అయిపోయి, ఆకు మడిచేవాడల్లా ఆగి ఉలవచారు అడిగాడు. మా వాడు నా వైపు తిరిగి, "మా సీనియారిటీ లిస్టు కూడా ఇంతే నాన్నా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. పక్క కుర్చీ వెనకున్న బావగారు విన్నారు.

"అంటే? నేనాకు మడవలేదనా?"

అంతే, మొదలైంది.

మీకు తెలియకపోతే చెబుతా, పైలట్లకి ఈ నంబరే ప్రాణం. చేరిన తేదీని బట్టి లిస్టులో ఒక స్థానం ఉంటుంది. ఎక్కువ కంపెనీల్లో ఏ ఊళ్లో ఉండాలి, ఏ విమానం, దీపావళికి సెలవు ఎవరికి, కెప్టెన్ అయ్యే వరస ఎవరిది, అన్నింటికీ దాన్నే చూస్తారు. పైన ఒకాయన దిగితే కింద అందరూ ఒక మెట్టెక్కుతారు. దిగకపోతే ఎవరూ ఎక్కరు. పైగా ఈ నంబరు వేరే కంపెనీకి పట్టుకెళ్లేది కాదు, అక్కడికి పోతే మళ్లీ అడుగునుంచే. కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ 2019లో, గో ఫస్ట్ 2023లో ఆగిపోయినప్పుడు ఎంతమంది కెప్టెన్లు నడివయసులో ఇంకో లిస్టులో తోక పట్టుకున్నారో. ఈ మాట బావగారే చెప్పారు, కూర్చున్న వెంటనే, కందిపొడి కలుపుకుంటూ. ఆయన వాదన అక్కడి నుంచే మొదలు. "మీ తరానికి ఒక్క క్యూయే తెలుసు అల్లుడూ. మేము నిలబడ్డ క్యూలు మధ్యలో తెగిపోయాయి. పోయిన ఆ ఏళ్లు మాకెవరిస్తారు? ఆఖర్న రెండేళ్లు ఇస్తానంటే నువ్వెందుకు ఏడుస్తావు?"

రెండేళ్లు అంటే 65ని 67 చెయ్యడం. 2025లో విమాన కంపెనీల సంఘం ఐయాటా ఈ ప్రతిపాదన పట్టుకుని మాంట్రియల్‌లో ఐకావో సభకి వెళ్లింది. ఐకావో అంటే ఐక్యరాజ్య సమితి విమానయాన సంస్థ, దేశాలు దాటి ఎగిరే వాణిజ్య విమానాల్లో పైలట్ వయసు గీత గీసేది వాళ్లే. అక్కడ నెగ్గలేదు. నెగ్గి ఉంటే బావగారికి రెండేళ్లు కలిసొచ్చేవేమో. ఆ ఏమో దగ్గరే ఆయన ఇంకా ఉన్నారు, ఆయన ఫోన్‌లో ఆ వార్తలన్నీ దాచిపెట్టుకున్నారని అక్క చెప్పింది.

నేను అనుకున్నది ఏంటంటే గొడవ ఆరోగ్యం మీద జరుగుతుందని. ముసలాళ్ల చేతిలో విమానం పెట్టొచ్చా అని కదా మనలాంటి వాళ్లకి వచ్చే అనుమానం. వీళ్లిద్దరూ దాని మీద ఐదు నిమిషాలు కూడా కొట్టుకోలేదు. బావగారు, హడ్సన్ నదిలో విమానం దింపి 155 మందిని బతికించిన సల్లీకి అప్పుడు 57 అన్నారు. మా వాడు వెంటనే, "పక్కనున్న స్కైల్స్‌కి 49. ఇద్దరూ 60 లోపే. 67కి అది సాక్ష్యం ఎలా అవుతుంది మామయ్యా?" అన్నాడు. పాయింటే. కానీ బావగారు ఆరు నెలలకోసారి సిమ్యులేటర్‌లో, అంటే నేల మీదే ఉండే నకిలీ కాక్‌పిట్‌లో, కూర్చోబెట్టి, పైకి లేచే క్షణంలో ఇంజను ఆపేసి, పొగ పెట్టి పరీక్ష చేస్తారనీ, 60 దాటాక మెడికల్ కూడా ఆరు నెలలకోసారేననీ, "నాకున్నన్ని పరీక్షలు నీకున్నాయా?" అనీ అడిగితే మా వాడు ఒప్పుకున్నాడు. "మీరు నాకంటే బాగా నడుపుతారు, అందులో అనుమానం లేదు. అది కాదు సమస్య" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది. బావగారికి నచ్చలేదు, పొగిడి పక్కన పెడుతున్నట్టు అనిపించింది కాబోలు.

ఇక్కడ సర్వర్ గురించి ఒక మాట. మేము ఇంత గట్టిగా మాట్లాడుకుంటున్నా అతను ఒక్కసారి కూడా మొహం చిట్లించలేదు, పప్పు బకెట్ పట్టుకుని మాట అయ్యేదాకా ఆగి వేశాడు. సర్వీసుకి నేనిచ్చే మార్కులన్నీ అతనివే.

అసలు కొట్లాట సీటు మీద. బావగారి లెక్క ఇది: మన దేశంలో కొరత కుడి సీటుకి కాదు, ఎడమ సీటుకి. లైసెన్సు చేతిలో పెట్టుకుని ఉద్యోగం లేక తిరిగే కుర్రాళ్లు బోలెడుమంది, కానీ కెప్టెన్లు చాలక బయటి దేశాల నుంచి తాత్కాలిక అనుమతి మీద తెచ్చుకుంటున్నారు. ఎయిరిండియా 2023 ఫిబ్రవరిలో 470 విమానాలకి, ఇండిగో అదే ఏడాది జూన్‌లో 500 విమానాలకి ఆర్డరిచ్చాయి. పైలట్లకి వారానికి 48 గంటల విశ్రాంతి అని 2025లో రూలు మారింది, అంటే అవే విమానాలకి ఇంకా ఎక్కువమంది కావాలి. ఎయిరిండియా తన పైలట్ల రిటైర్మెంట్ 2025 ఆగస్టులో 65కి పెంచింది. "ఇంత కొరత పెట్టుకుని, రోజూ నడిపేవాణ్ణి ఫలానా తేదీ వచ్చిందని ఇంటికి పంపి, పరాయి దేశంవాణ్ణి డాలర్లిచ్చి తెచ్చుకోవడం ఏం తెలివి?"

మా వాడి లెక్క ఇంకొకటి. వాడికి 3,400 గంటలయ్యాయి. కెప్టెన్ స్థాయి లైసెన్సుకి 1,500 చాలు, అది చేతికొచ్చి చాలాకాలమైంది. "కొరత అంటారు, నేనిక్కడే ఉన్నాగా. నన్ను పైకి తీసుకోవాలంటే ట్రైనింగ్ ఇవ్వాలి, దానికి టైమూ డబ్బూ కావాలి. ఉన్నవాళ్లనే ఇంకో రెండేళ్లు ఉంచేస్తే కంపెనీకి ఆ బాధ లేదు. అందుకే కదా 67 అడుగుతున్నది కంపెనీల సంఘం, అమెరికాలో వద్దంటున్నది పైలట్ల సంఘం" అన్నాడు. నిజమే, అమెరికాలో 2023లో దిగువ సభ 67 కలిపిన బిల్లు పాస్ చేస్తే పెద్ద సంఘమైన ఆల్పా గట్టిగా అడ్డం పడింది, 2024 మేలో చట్టం వచ్చేసరికి ఆ 67 అందులో లేదు. వాళ్లు చెప్పిన కారణం మా వాడు సాంబారు అన్నం మీద వేలితో గీసి చూపించాడు. ఒక్క దేశం 67 అంటే సరిపోదు. దేశం దాటాలంటే 65 గీత ఉండనే ఉంది. కాబట్టి పెద్ద విమానంలో లండన్ వెళ్లే కెప్టెన్‌కి 65 రాగానే ఆయన ఇంటికి వెళ్లడు, చిన్న విమానంలోకి దిగుతాడు. దిగాలంటే ఆయనకి కొత్తగా ట్రైనింగ్. ఆయన దిగిన చోట ఉన్నవాడు ఒక మెట్టు కిందికి జరుగుతాడు. ఆ కిందవాడు ఇంకా కిందికి. "ఆఖర్న ఎవరు మామయ్యా? నేనే."

బావగారు జపాన్‌లో దేశం లోపల 67 దాకా ఉందన్నారు, ఆస్ట్రేలియా, కెనడాలో లోపల తిరగడానికి అసలు గీతే లేదన్నారు, అక్కడ ఆకాశం ఊడిపడలేదుగా అన్నారు. ఈ 60, 65లు దేవుడు రాసినవేం కాదని ఆయన పాత కథొకటి చెప్పారు. 1959లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అధిపతి సి.ఆర్. స్మిత్ కొత్తగా వచ్చిన జెట్ల మీదకి పాత పైలట్లు వద్దని ప్రభుత్వంలో విమానయానం చూసే క్వెసాడాకి ఉత్తరం రాశాడట, 60 అని గీత పడిందట, క్వెసాడా పదవి దిగాక అదే కంపెనీ బోర్డులో కూర్చున్నాడట. "వయసు గీత ఎప్పుడూ డాక్టరు గియ్యలేదు అల్లుడూ, మేనేజ్‌మెంటే గీసింది." దానికి మా వాడు, "అప్పుడు దింపడానికి గీసింది, ఇప్పుడు ఉంచడానికి చెరుపుతోంది, రెండుసార్లూ మేనేజ్‌మెంటే కదా, మరి ఇప్పుడు దాని పక్కన మీరెందుకున్నారు?" అన్నాడు. ఉలవచారు వచ్చింది. ఎవరూ మీగడ అడగలేదు. నేనే అడిగి నలుగురికీ వేయించాను.

మా టేబుల్‌కి ఎదురుగా మెడలో ఐడీ కార్డున్న ఒకాయన తింటున్నాడు, సెక్రటేరియట్ మనిషి అనుకుంటా. చాలాసేపటి నుంచి వింటున్నాడని చేతిలో ముద్ద ఆగడం చూస్తేనే తెలుస్తోంది. ఉండబట్టలేక, "మాకు 62 చేశారు కదండీ, 2022 నుంచి. ఆ రోజు నేను స్వీట్లు తీసుకెళ్లాను. మా అబ్బాయి గ్రూప్స్‌కి చదువుతున్నాడు, ముట్టుకోలేదు" అన్నాడు. టేబుల్ అంతా నవ్వులు. ఆయన ఊరుకోలేదు, 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం 58ని ఒక్కసారిగా 55 చేస్తే ఆ ఫిబ్రవరి నెలాఖరుకే వేలమంది ఇళ్లకి వెళ్లిపోయారనీ, తర్వాత మళ్లీ 58 అయిందనీ, రాష్ట్రం విడిపోయాక 60 అయిందనీ మొత్తం చరిత్ర చెప్పాడు. పెంచితే కుర్రాళ్లు, తగ్గిస్తే పెద్దాళ్లు, రోడ్డెక్కడం ఎప్పుడూ ఉందన్నాడు. వెళ్తూ వెళ్తూ బావగారితో, "అయినా మాకు ఫైలు కింద పడ్డా ఏం కాదు సార్" అని చెయ్యి కడుక్కోవడానికి పోయాడు. మెస్‌లో తినడంలో ఉన్న సుఖం ఇదే, ఏసీ హోటల్లో ఎదుటివాడు ఇలా మాట కలపడు.

అప్పటిదాకా మా అక్క ఒక్క మాట మాట్లాడలేదు. బావగారు ఐయాటా ప్రతిపాదనలో మంచి షరతు ఉందని చెబుతున్నారు, 65 దాటిన కెప్టెన్ పక్కన 65 లోపు పైలట్ తప్పనిసరి అని. "అంటే నా పక్కన నీలాంటివాణ్ణే కూర్చోబెడతారు. నీకు ఉద్యోగం ఖాయం. ఇందులో నీకు నష్టమేంటి?"

"పక్కనే కదా మామయ్యా కూర్చోబెట్టేది. కుడి సీట్లో" అన్నాడు మా వాడు.

దానికి బావగారి దగ్గర మాట లేదు. పచ్చడి కలుపుకున్నారు. అప్పుడు అక్క అందుకుంది. "2006లో ఈయన ఏమన్నారో అడగమనరా వాణ్ణి." 2006 నవంబరులో ఐకావో 60ని 65 చేసింది. అప్పుడు బావగారికి 45, పెద్ద విమానానికి వెళ్లే వరసలో ఉన్నారు. పైవాళ్లకి ఐదేళ్లు కలిశాయి. "ఆ రాత్రి వంటింట్లో నిలబడి, ఈ ముసలాళ్లు చచ్చేదాకా దిగరే, వీళ్ల ఆక్సిజన్ మాస్కులు వీళ్లతోనే పాడెక్కుతాయి అని తిట్టారు. నేను ఉప్మా మాడ్చేశాను ఆ గోలలో." మా వాడు నవ్వాపుకోలేక మంచినీళ్లు మింగుడుపడక దగ్గాడు. బావగారు మాత్రం సీరియస్‌గానే ఉండి, "అన్నాను. ఏం, తప్పా? అప్పుడు నేను కుడి వైపు నుంచి చూశాను. ఆ ఐదేళ్లూ నాకూ ఆలస్యమైంది. మరి నేను భరించినప్పుడు వీడు భరించకూడదా?" అన్నారు. పైగా అప్పట్లో ఇద్దరిలో ఒకరు 60 లోపు ఉండాలని షరతు, 2014లో తీసేశారు, ఆ ఎనిమిదేళ్లూ పెద్దాయనల పక్కన కూర్చునే పని తనలాంటి వాళ్ల మీదే పడిందట.

ఇది విన్నాక నాకర్థమైంది ఒకటే. ఆయన అడుగుతున్నది రెండేళ్లు కాదు, 2006లో పోయిన ఐదేళ్ల బాకీ. తీసుకున్నవాళ్లు ఎప్పుడో దిగిపోయారు. వసూలు చెయ్యడానికి ఇప్పుడు ఎదురుగా మా వాడు తప్ప ఎవరూ లేరు.

నేను ఎవరి వైపు అంటారా? ఈఎంఐ కట్టేవాడు ఎవరి వైపు ఉంటాడో మీరే చెప్పండి. అయినా అక్క ముందు బావని కాదనలేం కదా, అందుకని నాకు తోచిన మధ్యేమార్గం చెప్పాను. 65 దాటినవాళ్లు కావాలంటే ఉండండి, కానీ లిస్టులో మీ నంబరు వదిలేసి అడుగుకి వెళ్లండి, కొత్తగా చేరినవాడితో సమానంగా, ఏ రూటిస్తే ఆ రూటు. ఇద్దరూ నన్ను చూసి ఒకేలా నవ్వారు, ఆ రోజు వాళ్లు ఒక్కటైంది అక్కడే. ఆటోనగర్లో స్పేర్ పార్టులు అమ్ముకునేవాడికి ఇంతకంటే ఏం తెలుస్తుంది అన్నట్టు. కానీ కాసేపాగి బావగారే చెప్పారు, అమెరికా 2007 డిసెంబరులో 60ని 65 చేసినప్పుడు, అప్పటికే 60 దాటి దిగిపోయినవాళ్లు తిరిగి రావాలంటే పాత సీనియారిటీ లేకుండా కొత్తవాళ్లలాగే రావాలని చట్టంలో పెట్టారని. అంటే నేను మరీ తెలివితక్కువ మాటేమీ అనలేదు. "మీరైతే అలా వెళ్తారా బావగారూ?" అని అడిగాను. సమాధానం చెప్పలేదు. నెయ్యి అడిగారు.

ఈ నెయ్యి సంగతి చెప్పాలి. మా బావగారు నెయ్యి తినగా నేను చూసింది లేదు, అక్క పెళ్లయి ముప్పయ్యేళ్లు దాటింది. మెడికల్‌కి నెల ముందు నుంచి రాగిసంకటి, తెల్లవారుజామున నడక, పండక్కి వచ్చినా అరిసె ముక్క విరిచి వాసన చూసి పెట్టేసేవారు. ఒక్క ఈసీజీలో గీత వంకరపోతే లైసెన్సు మూలన పడుతుంది, ఆ భయం. జేబులో ఎప్పుడూ రెండు కళ్లజోళ్లు, ఒకటి పోయినా ఇంకొకటి ఉండాలని రూలు, పెళ్లి ఫొటోల్లో కూడా ఆ జేబు ఉబ్బెత్తుగానే ఉంటుంది. ఆ మనిషి ఈ రోజు సర్వర్ని పిలిచి, పెరుగులోకి వెళ్లబోయేవారల్లా, మళ్లీ తెల్లన్నం పెట్టించుకుని, కందిపొడి వేయించుకుని, గరిటెడు నెయ్యి పోయించుకున్నారు. అన్నం మధ్యలో గుంట చేసి పోయించారు, అది అంచు దాటి ఆకు మీదకి కారింది. "ఇక మెడికల్ లేదుగా" అన్నారు ఎవరికీ కాకుండా.

మా వాడు నెమ్మదిగా అడిగాడు, "రేపు 67 అని వస్తే మామయ్యా?"

"రేపే మానేస్తా" అన్నారు. చెయ్యి మాత్రం ముద్ద కలుపుతూనే ఉంది.

సిమ్యులేటర్‌లో పాఠాలు చెప్పుకోవచ్చు, దానికి ఈ 65 అడ్డం కాదు, హైదరాబాద్‌లోనే ఉంటుంది, ఇంటికి రావచ్చు అని అక్క అంటోంది. ఆ గదిలో కిటికీ బయట ఉండేది తెర అని ఆయన అంటున్నారు. ఈ ముచ్చట వాళ్లింట్లో తేలాలి, మన మెస్‌లో తేలేది కాదు.

ఇంతలో ఆయన కుర్చీ వెనక ఒక కుర్రాడు వచ్చి నిలబడ్డాడు, చేతిలో కూపను, భుజాన కాలేజీ బ్యాగు, బహుశా పక్కనున్న ఇంజినీరింగ్ కాలేజీల్లో ఏదో ఒకటి. నిలబడి గోళ్లతో కూపన్ మీద టకటకా కొడుతున్నాడు. బావగారు వెనక్కి తిరిగి చూసి, "నాకింకా పెరుగుంది బాబూ" అన్నారు చాలా మర్యాదగా, అని మళ్లీ తినడంలో పడిపోయారు. కుర్రాడు మా వాడి వెనక్కి జరిగాడు. మా వాడికింకా పెరుగు రాలేదు. లేచి, ఆకు మడిచి, "కూర్చో" అని చెయ్యి కడుక్కోవడానికి వెళ్లిపోయాడు. వాడు పెరుగు లేకుండా లేవడం నేను చూడ్డం అదే మొదలు. అక్క నా వైపు చూసింది, నేను ఆకు వైపు చూశాను.

ఇదీ నా ఫిర్యాదు. మెస్ వాళ్లకే చెబుతున్నా, చదువుతుంటే: అమ్మా, నంబర్లు పిలవండి. ప్లాస్టిక్ బిళ్లలు మీ దగ్గర ఉండనే ఉన్నాయి, వాటి మీద నంబరు రాసి, బయట వేపచెట్టు కింద నాలుగు బెంచీలేసి, ఖాళీ అయినప్పుడల్లా ఒక కేక వెయ్యండి. తినేవాడు తింటాడు, ఆగేవాడు నీడన ఆగుతాడు. మనిషి వెనక మనిషి నిలబడి ముద్దలు లెక్కపెడుతుంటే దోసకాయ పచ్చడి రుచి కూడా సగం పోతుంది. కౌంటర్లో చెప్పాను కూడా. ఆవిడ, "బయట కూర్చోబెడితే పక్క హోటల్‌కి పోతారండీ" అంది. ఆవిడ భయం ఆవిడది.

మిగతా వివరాలు. పార్సిల్ 170, ఇద్దరికి సరిపోతుంది, కానీ నెయ్యి పొట్లం చిన్నది, అందుకే పార్సిల్ వద్దంటాను. చేతులు కడుక్కునే చోట సబ్బు ఉంటుంది, తువ్వాలు ఉండదు. యూపీఐ ఉంది, రేకుల కింద సిగ్నల్ ఆడదు కాబట్టి డబ్బులు కట్టేటప్పుడు గుమ్మం బయటికి రావాలి. కారు పెట్టాలంటే సర్వీసు రోడ్డు మీద కాస్త ముందుకెళ్లి పెట్టండి, మెస్ ఎదురుగా పెడితే లారీల వాళ్లు హారన్లతో చంపేస్తారు. పిల్లలకి కారం తగ్గించమంటే తగ్గించరు, ముద్దపప్పుతో సరిపెట్టుకోవాలి.

భోజనానికి నాలుగున్నర, సర్వర్‌కి ఐదు, కూర్చునే ఏర్పాటుకి రెండు. వెళ్లేవాళ్లు పన్నెండున్నర లోపు వెళ్లండి, కుర్చీలు ఖాళీగా ఉంటాయి, వెనక ఎవరూ ఉండరు. లేదంటే రెండున్నర దాటాక, అప్పటికి రోటిపచ్చడి అయిపోతుంది కానీ ఉలవచారు మాత్రం అడుగుకి చిక్కబడి ఇంకా బాగుంటుంది. సోమవారం సెలవు.